ఖాకీల గోడు వినేదెవరు?

సబ్బవరం కూడలిలో మిట్టమధ్యాహ్నపు ఎండలో లారీలను ఆపే కానిస్టేబులును వారంలో ఒకరోజైనా సెలవు దొరుకుతున్నదా అని అడిగి చూడండి. నవ్వి ఊరుకుంటాడు. 2019 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం పోలీసులకు వారపు సెలవు ప్రకటించింది. అది నిలకడగా అమలుకు నోచుకోలేదు. సింహాచలం చందనోత్సవమైనా, గిరిప్రదక్షిణ అయినా, అనకాపల్లి నూకాంబిక జాతర అయినా, మంత్రిగారి పర్యటన అయినా చుట్టుపక్కల ఠాణాల నుంచే బందోబస్తుకు మనుషులను లాగాలి. జాతీయ రహదారి మీద ప్రమాదాలు, మన్యం నుంచి దిగే గంజాయి కోసం తనిఖీలు దీనికి అదనం.

అయితే సెలవు కంటె పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. ఈ గోడు పైవారికి చెప్పవలసిన వారెవరు? స్టీలు ప్లాంటు కార్మికుడు రహస్య బ్యాలెట్టుతో తన గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటాడు. 2021లో ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా కూర్మన్నపాలెంలో శిబిరం వేసి కూర్చోగలిగాడు. ఆ శిబిరం దగ్గర లాఠీ పట్టుకు నిలబడే పోలీసుకు ఆ హక్కు లేదు. రాజ్యాంగం 33వ అధికరణం ఆధారంగా 1966లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, అనుమతి లేని సంఘంలో చేరిన పోలీసుకు రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఢిల్లీ పోలీసు సిబ్బంది సంఘం గుర్తింపు రద్దు కేసులో 1986లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. ఈ తీర్పును సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం విద్యార్థులు పుస్తకంలో చదువుకుంటారు. మన కానిస్టేబులుకు అది అనుభవంలోనే తెలుసు.

మన రాష్ట్రంలో పోలీసు అధికారుల సంఘం ఉన్నది. పేరులో అధికారులున్నా గోడు ఎక్కువగా కానిస్టేబుళ్లదే. సంఘం నాయకుడి చిక్కు ఏమిటంటే, ఉదయం తాను వినతిపత్రం ఇచ్చిన అధికారే సాయంత్రం తన బదిలీ కాగితం మీద సంతకం చేయగలడు. గట్టిగా మాట్లాడితే క్రమశిక్షణ లేదంటారు. మెత్తగా మాట్లాడితే అమ్ముడుపోయాడంటారు. అందుకే కాబోలు, రాజకీయ నాయకుడెవరైనా పోలీసులను తూలనాడితే సంఘం ఖండన మర్నాటికల్లా పత్రికలకెక్కుతుంది. సరెండరు లీవు బకాయిల దగ్గర ఆ గొంతు అంత బిగ్గరగా వినబడదు. ప్రభుత్వాలు మారినా ఈ తంతు మారలేదు.

పై అధికారుల భయం పూర్తిగా అర్థంలేనిదని మేమనడం లేదు. ఆయుధం పట్టినవాడు పని మానితే సామాన్యుడికి దిక్కెవరు? సమ్మె హక్కును మేమూ కోరడం లేదు. కాని చరిత్ర చెప్పేదేమిటి? కానిస్టేబుళ్ల పనిగంటలు, ఇళ్లు, ఆర్డర్లీ చాకిరీ గురించి ధర్మవీర కమిషన్ 1979 ఫిబ్రవరిలోనే తన తొలి నివేదికలో హెచ్చరించింది. కొద్దినెలలకే పంజాబులో పోలీసులు రోడ్డెక్కారు. బొకారో ఉక్కు కర్మాగారంలో భద్రతా దళం మీదికి సైన్యాన్ని పంపవలసి వచ్చి ప్రాణాలే పోయాయి. 1982 ఆగస్టులో బొంబాయిలో పోలీసు సంఘం గుర్తింపు రద్దుచేసి నాయకులను అరెస్టు చేయగానే నగరం తగలబడింది. సంఘాన్ని మూసేస్తే అసంతృప్తి కూడ మూతపడుతుందనుకోవడం ఎంత పొరపాటో అక్కడ తేలిపోయింది.

అంత దూరం పోనక్కరలేదు. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలతో సహా వీధికి వచ్చారు. భర్తలు నోరు విప్పలేరు కనుక వారు విప్పారు. తరువాత కానిస్టేబుళ్లూ కలిశారు. ఫలితంగా 39 మంది సస్పెండయ్యారు, 10 మంది ఉద్యోగాలు ఊడాయి. ఇంటి ఆడవారు వచ్చి చెప్పేదాకా ఆ బాధ పైవారికి చేరలేదంటే, మధ్యలో ఉండవలసిన మార్గం మూసుకుపోయిందనే కదా?

కనుక జిల్లా ఎస్.పి. నెలకొకసారి సంఘం ప్రతినిధులతో కూర్చోవాలి. ఏది ఒప్పుకున్నారో, ఏది ఎందుకు కాదన్నారో కాగితం మీద పెట్టి ప్రతి ఠాణాకూ పంపాలి. సంఘం నాయకుల బదిలీ ఒక్క అధికారి చిత్తానికి వదలరాదు. డి.ఎస్.పి., అంతకు దిగువ వారి బదిలీలకు బోర్డు ఉండాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. సంఘం కూడ ఖండనలు కాస్త తగ్గించి బకాయిల లెక్క ఠాణాల వారీగా బయటపెట్టాలి. ముందుగా సబ్బవరం ఠాణా గోడ మీద వారపు సెలవుల జాబితా అంటించండి. ఎవరి సెలవు ఏ బందోబస్తుకు రద్దయిందో, దానికి బదులు ఏ రోజు ఇచ్చారో అందులోనే రాయండి.