బంతి రాకపోయినా పరుగే!

క్రికెట్ మ్యాచ్ ఉందంటే ఊరంతా తోడు. టీకొట్టు దగ్గర స్కోరెంత అని అడిగితే పదిమంది చెబుతారు. అదే ఫుట్‌బాల్ అభిమాని సంగతి చూడండి. మంచి మ్యాచులన్నీ అర్ధరాత్రి దాటాకే మొదలవుతాయి. గోలు పడితే గట్టిగా అరవడానికి లేదు... పక్క మంచంమీద నాన్న పడుకుని ఉంటాడు. పొద్దున్నే ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకుందామంటే వినేవాళ్లుండరు!

శ్రీకాకుళం జిల్లా నందిగాం మండలంలో అలాంటి కుర్రాడొకడున్నాడు. వయసు ఇరవై. టెక్కలిలో డిగ్రీ చదువుతున్నాడు. పేరు మాత్రం రాయొద్దన్నాడు. 'రాత్రి ఎప్పుడు పడుకుంటన్నానో మా నాన్నకు తెలిస్తే ఫోను లాక్కుంటాడన్నా' అన్నాడు నవ్వుతూ.

చలికాలంలో యూరప్ ఛాంపియన్స్ లీగ్ మ్యాచులు మన టైము ప్రకారం రాత్రి ఒంటిగంటన్నరకు మొదలవుతాయి. అయ్యేసరికి మూడున్నర. ఫోనులో రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. పన్నెండు దాటితే కొత్త కోటా వస్తుంది కాబట్టి మ్యాచ్‌కి ఇబ్బంది లేదు. తెల్లారేసరికి అది కాస్తా ఖర్చయిపోతుంది. ఇక ఆ రోజంతా వాట్సాప్ కూడా నత్తనడకే! 'శివరాత్రి ఏడాదికొక్కసారే కదరా, నీకు నెలకు నాలుగేటి?' అని వాళ్లమ్మ ఎగతాళి.

మూడున్నరకు మ్యాచ్ అయితే నాలుగున్నరకు మళ్లీ లేవాలి. హైవే పక్కన పరుగు ప్రాక్టీసు. సైన్యంలో చేరాలని చీకటితోనే పరుగెత్తే కుర్రాళ్లు పలాస, టెక్కలి, ఉద్దానం వైపు ఊరూరా కనిపిస్తారు. మనవాడూ వాళ్లలో ఒకడు. 1600 మీటర్ల పరుగు గట్టెక్కితే ఉద్యోగం. లేదంటే చాలామందిలాగే హైదరాబాదుకో చెన్నైకో రైలెక్కాల్సిందే. ఇంట్లో వాళ్ల బెంగంతా అదే. 'ఆ బంతాట నీకేటి పెడతాదిరా?' అన్న తండ్రి మాటలో కోపం కంటే భయమే ఎక్కువ.

మరి ఏముందా ఆటలో? అడిగితే కుర్రాడు చాలాసేపు ఆలోచించాడు. 'తొంభై నిమిషాల ఆటలో ఒక్కో ఆటగాడి కాలిదగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలేనన్నా. మిగతా అంతసేపూ బంతి లేకుండా పరిగెత్తాలి. పక్కోడికి దారివ్వాలి, ఎదుటోడిని ఆపాలి. గోలు కొట్టినోడి పేరే అందరికీ తెలుస్తాది. నేను మాత్రం బంతి లేనోడినే చూస్తాను' అన్నాడు. ఆ తర్వాత తనే నవ్వేసి, 'మన కాడికి బంతి రాకపోయినా పరుగు మానకూడదు. మా ఊరోళ్లకు అలవాటే కదా' అన్నాడు.

మెస్సీ ఏ ఏడాది ఎన్ని గోల్స్ కొట్టాడో ఈ కుర్రాడికి నోటికొచ్చు. 2022 డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్‌ని నిమిషం నిమిషం చెప్పగలడు. కానీ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 2024 దాకా వినలేదు. ఆ ఏడాది అజయ్ దేవగణ్ నటించిన 'మైదాన్' సినిమా వస్తేనే తెలిసింది... మన దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన పెద్దాయన మన హైదరాబాదువాడేనని!

ఈ కుర్రాడి సంగతి సరే, మనలో మాత్రం ఎంతమందికి తెలుసు? రహీం బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఆసియా నుంచి ఏ జట్టూ అంతకుముందు అక్కడిదాకా వెళ్లలేదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, లక్షమంది ఎదుటి జట్టుకు జై కొడుతుంటే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ముదిరిపోయింది. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల దాకా చూసినా, ఫుట్‌బాల్‌లో మనకు మరో స్వర్ణం రాలేదు.

జకార్తా జట్టులో తులసీదాస్ బలరాం ఉన్నాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిలు అద్దె కూడా లేకపోతే రహీం తన జేబులోంచి ఇచ్చేవారట. ఆ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన చనిపోయినప్పుడు మన ఊళ్లలో ఎందరికి ఆ వార్త తెలిసిందో చెప్పడం కష్టం.

ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ వైభవం నిలవలేదు. ఈమధ్య కాలంలో ఒక్క హైదరాబాద్ ఎఫ్‌సీ ఆశలు రేపింది. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఐఎస్ఎల్ కప్పు అందుకుంది. ఆ రాత్రి నందిగాం కుర్రాడు మొదటిసారి 'మన జట్టు' అనుకుని నిద్రపోయాడట. మూడేళ్లు తిరిగేసరికి, 2025లో, ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. 'జట్టు కూడా వలస పోయిందన్నా' అన్నాడు.

అయితే అతను అక్కడితో ఆగిపోలేదు. సినిమా చూశాక రహీం గురించి దొరికిందల్లా చదివాడు. ఆయన హైదరాబాదులో కుర్రాళ్లకు చిత్రమైన పోటీలు పెట్టేవారట. ఒకదాంట్లో బంతిని కాలిదగ్గరే ఉంచుకుని ముందుకు తీసుకెళ్లకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలివాటం వాడైతే మ్యాచంతా ఎడమకాలే! దీనికి కోట్లు అక్కర్లేదు. స్టేడియం అక్కర్లేదు. చెప్పేవాడొకడు ఉంటే చాలు.

అంతే, ఆదివారం సాయంత్రాలు ఊళ్లో పిల్లల్ని పోగేశాడు. పదిహేనుమంది దాకా వస్తున్నారు. అందులో ఆడపిల్లలు ముగ్గురు. గోలుపోస్టులు సరుగుడు కర్రలు. గ్రౌండంటే కోతలయ్యాక మినుములు చల్లకుండా వదిలేసిన మడి. వరి మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటాయని పిల్లలే ముందురోజు పీకేస్తారు. ముల్లు దిగి బంతి గాలి పోతే సైకిలు షాపుకు పరుగు. వానలు పడి దమ్ము మొదలైతే ఆ మడి కూడా ఉండదు. అప్పుడు ఊరిబడి ఆవరణే దిక్కు. అదీ గేటు తాళం తీస్తే!

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఈసారి సైన్యంలో ఎంపికైతే కుర్రాడు వెళ్లిపోతాడు. కాకపోయినా పనికోసం వెళ్లిపోతాడు. ఎటు చూసినా ఊళ్లో ఉండడు. 'నాను ఎల్లిపోతే ఈళ్లకెవులు?' అని అడిగాడు. దానికి ఎవరి దగ్గరా సమాధానం లేదు.

ఇదే జిల్లాలో ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న అనే గురువు ఊరి పిల్లలకు బరువులెత్తడం నేర్పారు. ఆయన దగ్గర మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. హైదరాబాదులో రహీం అయినా, ఆమదాలవలసలో అప్పన్న అయినా చేసింది ఒకటే... ఏళ్ల తరబడి పిల్లల మధ్య నిలబడటం. మనం అర్ధరాత్రి మేలుకుని చూసే యూరప్ ఆటగాళ్ల వెనకా అలాంటి పెద్దవాళ్లే ఉంటారు. మన పల్లెల్లో పిల్లలకు కొదవ లేదు, ఇష్టానికి అంతకన్నా లేదు. కరువల్లా ఊళ్లో ఉండిపోయే పెద్దవాళ్లకే.

అందుకే ఈ మాట కుర్రాళ్లకు కాదు, వాళ్ల ఇళ్లలోని పెద్దలకు. మీ ఊళ్లోనూ ఏ ఆదివారమో ఓ కుర్రాడు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంటే పనిలేనివాడని అనుకోకండి. బడి గేటు సాయంత్రం ఓ గంట తీయించండి. రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు ఊళ్లో ఉంటే ఓసారి అటు తీసుకెళ్లండి. ఆట రానవసరం లేదు. గట్టుమీద కూర్చుని చూసినా చాలు... పెద్దవాళ్లు చూస్తుంటే పిల్లలు రెట్టించి ఆడతారు.

నందిగాం కుర్రాడు మాత్రం ఎవరికోసమూ ఎదురుచూడటం లేదు. తొమ్మిదో తరగతి పిల్లాడొకడి మెడలో విజిల్ వేసి, రెండు నెలలుగా రెఫరీ పని నేర్పుతున్నాడు. మొదట్లో ఆ పిల్లాడు తన జట్టువాళ్లు తప్పు చేస్తే ఊదేవాడు కాదట. ఇప్పుడు ఊదుతున్నాడు!