కొప్పు యెవరి సొత్తు?

"కొప్పున్నమ్మ యే ముడి వేసినా అందమే" అంటాం. మరి కొప్పు లేనమ్మ సంగతేమిటి? ఆమెకు మన భాష యిచ్చిన మాట "బోడి". అది వర్ణన కాదు, తిట్టు.

ప్రబంధకవులు నాయిక జుట్టును తుమ్మెదల బారన్నారు, కారుమేఘమన్నారు. భామాకలాపంలో సత్యభామ జడే ఆమె అహంకారానికి పతాక. ఆ సొగసును నేను కాదనను. యేటేటా తరగతిలో పాఠం చెబుతూనే వున్నాను. కాని జడను పొగిడిన సమాజమే, మొగుడు చావగానే ఆ తలను మంగలికత్తికి అప్పజెప్పింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించేనాటికి, బ్రాహ్మణ గృహాలలో వితంతు శిరోముండనం శాస్త్రసమ్మతమైన ఆచారం. పొగడ్తా ముండనమూ రెండు సంస్కృతులు కావు. జుట్టు భర్త సొత్తు. అతడు పోతే జప్తు!

నేడు ఆ సొత్తుకు విపణి వారసురాలైంది. తిరుమల కల్యాణకట్టలో మొక్కుగా యిచ్చిన తలనీలాలను దేవస్థానం పొడవునుబట్టి వేరుచేసి వేలం వేస్తుంది. పొడవెక్కువైతే ధర యెక్కువ. అంటే విలువంతా ఆడవాళ్ల జుట్టుదే. మా బనగానపల్లె వైపు నాపరాళ్ల పనికిపోయే స్త్రీలు దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు దాచి, కేకవేసుకుంటూ వచ్చేవాడికిచ్చి స్టీలు గిన్నె పుచ్చుకుంటారు. యిలా పోగైన జుట్టు చేతులు మారి, విగ్గులై సవరాలై, సముద్రాలు దాటి అమెరికా నల్లజాతి స్త్రీల తలలకూ చేరుతున్నది.

బోడిగుండుకూ మోకాలికీ ముడివేస్తున్నానంటారేమో. ముడివేసింది నేను కాదు, వర్తకుడు. 1786లో లూయిసియానాను యేలిన స్పెయిన్ గవర్నరు మీరో, బానిసలు కాని నల్లజాతి స్త్రీలు సైతం జుట్టును గుడ్డతో కప్పుకోవాలని ఆజ్ఞాపించాడు. వాళ్లు ఆ గుడ్డనే రంగురంగుల సింగారంగా చుట్టి ఆజ్ఞను వెక్కిరించారు. 1960లలో వారి మనుమరాండ్రు వుంగరాల జుట్టును పుట్టినది పుట్టినట్టే పెంచి తలెత్తుకు నడిచారు. అయినా ఆ జుట్టుతో బడికీ వుద్యోగానికీ పోయే హక్కుకు కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది 2019లోనే.

"యిది అలంకార సమస్య, కూలిరేట్ల సమస్య కాదు" అని చప్పరించే అభ్యుదయవాదులను నేనెరుగుదును. జుట్టు రాలడానికి రక్తహీనత ఒక కారణమనీ, రక్తహీనతకు చాలని తిండి కారణమనీ వారికి యెవరు చెప్పాలి? పేనుకొరుకుడు అన్న పేరే చూడండి. పేనుకు దానితో సంబంధం లేదు. శరీర రక్షణశక్తి పొరబడి తన వెంట్రుకల కుదుళ్లమీదనే దాడి చేయడం అది, అంటురోగం కాదు. యీ ముక్క తెలియకనే బెంచీలో పక్కవాళ్లు దూరం జరిగారు. కొంగు కప్పుకొని వచ్చే ఒక విద్యార్థిని ఫీజు కట్టి కూడా పరీక్షకు రాలేదు.

కట్నాన్ని ఖండిస్తూ తీర్మానాలు చేసే మనం, పెళ్లిచూపులలో జడ పట్టుకొని సవరమేమోనని లాగిచూసే చేతిని యేనాడైనా ఖండించామా?