ప్రింటర్‌ అలిగిందా... రౌటర్‌ని అడగండి!

తెల్లారితే నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ. డీఎస్‌-160 కన్ఫర్మేషన్‌ పేజీ తీసుకుందామని ప్రింట్‌ నొక్కితే తెరమీద ‘ప్రింటర్‌ ఆఫ్‌లైన్‌’! చూస్తే పక్కగదిలో దాని లైటు వెలుగుతూనే ఉంది. జిరాక్సు షాపులేమో షట్టర్లు దించేశాయి. మాదాపూర్‌, కొండాపూర్‌, గచ్చిబౌలి ఫ్లాట్లలో ఇది కొత్తేం కాదు. 2020 లాక్‌డౌన్‌తో ఆఫీసులూ పిల్లల క్లాసులూ ఇంటికొచ్చాక చాలామంది ప్రింటర్‌ కొనుక్కున్నారు. పొద్దస్తమానం సర్వర్లతో కుస్తీపట్టే ఇంజినీర్లు కూడా దాని ముందు తల పట్టుకుంటారు.

అసలు సంగతేంటంటే, మామూలు ప్రింటుకి ఇంటర్నెట్‌తో పనే లేదు. కంప్యూటరూ ప్రింటరూ ఒకే రౌటర్‌కి కలిసి ఉంటే చాలు. నెట్‌ పోయినా కాగితం బయటికొస్తుంది. కాబట్టి నెట్‌ కంపెనీకి ఫోన్‌ చేసి లాభంలేదు.

ఎక్కువగా తిరకాసు పెట్టేది రౌటరే. ఇప్పటి రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్‌... రెండు బ్యాండ్లలో సిగ్నల్‌ ఇస్తాయి. ఇళ్లలో వాడే చాలా ప్రింటర్లకు తెలిసింది 2.4 ఒక్కటే. వేగం తక్కువైనా గోడలు దాటి దూరం వెళ్లేది అదే. రెండింటికీ ఒకే పేరుంటే, సెటప్‌ చేసేటప్పుడు ఫోన్‌ 5లో ఉంటుంది, ప్రింటర్‌ 2.4లో వెతుక్కుంటుంది. రౌటర్‌ సెట్టింగుల్లోకి వెళ్లి 5ని కాసేపు ఆపేసి, ప్రింటర్‌ని కలిపి, మళ్లీ ఆన్‌ చేయండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత ప్రింటర్లు కలవవు, డబ్ల్యూపీఏ2 కూడా ఉండేలా మార్చండి. కొత్త రౌటర్‌ బిగించారా? దానికి పాత వైఫై పేరూ, పాత పాస్‌వర్డే పెట్టేయండి. చాలావరకు ప్రింటర్‌ దానంతటదే కలిసిపోతుంది. అతిథుల కోసం పెట్టిన గెస్ట్‌ వైఫైలో మాత్రం దాన్ని ఉంచకండి. అందులోని పరికరాలు సాధారణంగా ఒకదానికొకటి కనిపించవు.

ఐటీ కారిడార్‌ ఇళ్లలో మరో చిక్కు ఆఫీసు ల్యాప్‌టాప్‌. వీపీఎన్‌ ఆన్‌లో ఉంటే, కొన్ని కంపెనీల సెట్టింగుల్లో ల్యాప్‌టాప్‌ నుంచి వెళ్లేదంతా నేరుగా ఆఫీసుకే పోతుంది. ఇంకేం, పక్కగదిలోని ప్రింటర్‌ కనిపించదు! ఫోన్‌లోంచి ప్రింట్‌ వచ్చి ల్యాప్‌టాప్‌లోంచి రాకపోతే అనుమానించాల్సింది దీన్నే. సొంత కాగితాలైతే వీపీఎన్‌ తీసేసి ప్రయత్నించండి. ఆఫీసు ఫైళ్లను మాత్రం ప్రింటు కోసమని సొంత ఫోన్‌కి పంపుకోకండి, ఉద్యోగానికే ఎసరు రావచ్చు.

తప్పు ఎవరిదో తేల్చడానికి ఓ చిట్కా ఉంది. ప్రింటర్‌ మెనూలోంచి నెట్‌వర్క్‌ వివరాల పేజీ తీయండి. అందులో ఐపీ అడ్రస్‌ 169.254తో మొదలైతే ప్రింటర్‌కి రౌటర్‌ నుంచి అడ్రస్‌ అందలేదన్నమాట. రెండింటినీ ఆపి, ముందు రౌటర్‌, రెండు నిమిషాలాగి ప్రింటర్‌ ఆన్‌ చేయండి. వేరే అడ్రస్‌ ఉంటే దాన్ని బ్రౌజర్లో కొట్టండి. ప్రింటర్‌ పేజీ తెరుచుకుందంటే లోపం కంప్యూటర్లోనే. అక్కడ ప్రింటర్‌ని తీసేసి, అదే అడ్రస్‌తో మళ్లీ చేర్చండి. ఆ అడ్రస్‌ మారకుండా రౌటర్‌లో రిజర్వ్‌ చేస్తే ఈ బెడద మళ్లీ రాదు.

ఇవేవీ చేసే టైము లేదంటారా? చాలా ప్రింటర్లకు వెనకాల యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. కేబుల్‌ కోసం ప్రింటర్‌ వచ్చిన అట్టపెట్టెలో ఓసారి వెతకండి.