కాటా బిల్లు కోసమేనా?

కోయంబత్తూరులో గానీ మదురైలో గానీ తెల్లవారకముందే చెత్త లారీ వెనక నిలబడి డ్రైవరుకు సైగలు చేసే మనిషిని ఒకసారి తెలుగులో పలకరించి చూడండి. తెలుగులోనే బదులు రావచ్చు. ఈ నగరాల పారిశుద్ధ్య కార్మికుల్లో అరుంధతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారిలో చాలామందికి ఇంటి భాష తెలుగు. తమిళనాట తెలుగువారి చరిత్ర అనగానే మనకు 1636 నాటి తిరుమల నాయకుని మహలు, కోయంబత్తూరు మిల్లులు, 1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన జి.డి. నాయుడు గుర్తుకొస్తారు. లారీ వెనక మనిషి ఎవరికీ గుర్తుకు రాడు. పెళ్లిపందిట్లో అరుంధతీ నక్షత్రాన్ని తలెత్తి చూసే జాతి, ఆ పేరు పెట్టుకున్న మనుషుల నెత్తిమీద ఏం లేస్తోందో చూడదు.

లేస్తున్నది ఇనుప కంటైనరు. వార్డుల్లో పోగైన చెత్తను అందులో కుక్కి, హుక్ లోడరు లారీ మీదికి లాక్కుని యార్డుకు తరలించే పద్ధతి మన నగరాలకు వచ్చి చాలాకాలమైంది. లారీ మీది ఇనుప చేయి కొక్కెంతో కంటైనరు ముందు భాగాన్ని పట్టి ఎత్తుతుంది. వెనక భాగం నేలమీద దొర్లుతూ వచ్చి రోలర్ల మీదుగా ఛాసీపైకి ఎక్కుతుంది. ప్రమాదమంతా ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే ఉంది. కొక్కెం సరిగా తగులుకోకపోయినా, లాక్ పడకపోయినా టన్నుల కొద్దీ బరువు వెనక్కి జారుతుంది. నేల వాలుగా ఉంటే పక్కకు ఒరుగుతుంది. బరువు లారీ శక్తిని మించితే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. ఇక పైన కరెంటు తీగ ఉంటే చెప్పనక్కర్లేదు. లారీ మీది నుంచి ట్రైలరు మీదికి నెట్టేటప్పుడు మరీ కష్టం: ట్రైలరుకు బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు పెట్టి, పట్టాలు సూటిగా కలిశాకే నెట్టాలి. దిమ్మకు బదులు దారిపక్క రాయి పెట్టడం మనం చూడని దృశ్యం కాదు. కంటైనరు కదులుతున్నంతసేపు వెనకా పక్కలా మనిషి ఉండకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. లాక్ పడిందో లేదో చూసిరమ్మని క్లీనర్ని పంపేది సరిగ్గా అక్కడికే.

ఈ జాగ్రత్తలన్నీ పాటించినా ఒక ప్రశ్న మిగులుతుంది. బరువెంత? ఎత్తే ముందు ఆ సంగతి తెలిసినవాడు ఉండడు. ఒక ఘనమీటరు నీటి బరువు ఒక టన్ను. 20 ఘనమీటర్ల కంటైనరులో అయిదో వంతు నీరు నిలిచిందంటే 4 టన్నులు అదనంగా చేరినట్టే. ఐప్పసి, కార్తిక మాసాల వానల్లో, పండగ మర్నాడు అరటి బోదెలూ తడిసిన పూలూ వచ్చిపడే రోజుల్లో, ఇళ్లు పడగొట్టిన రాళ్లూ మట్టీ చెత్తలో కలిసిన చోట, నిన్నటి కంటైనరు వేరు, ఇవాళ్టిది వేరు. పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మన నగరాల్లో సాధారణంగా చెత్తను తూచేది దారి చివర, యార్డు గేటు దగ్గరి కాటా మీద. అప్పటికి బండి ఎత్తవలసింది ఎత్తింది, రద్దీ రోడ్లు దాటింది, మనుషులు బతికి బయటపడ్డారు. ఆ తూకం భద్రతకు అక్కరకు రాదు, బిల్లుకు మాత్రం వస్తుంది. టన్ను లెక్కన చెల్లించే కాంట్రాక్టులో ఎక్కువ నింపినవాడికి ఎక్కువ డబ్బు ముడుతుంది. నిబంధనలు మీరవద్దని కార్మికుడికి చెబుతూ, మీరినందుకు కాంట్రాక్టరుకు డబ్బు చెల్లించే ఏర్పాటు ఇది. కోయంబత్తూరు, మదురై కార్పొరేషన్లు ఇంతకంటే మెరుగ్గా నడుస్తున్నాయంటే వెళ్ళలూరు, వెళ్ళక్కల్ యార్డుల తూకపు లెక్కలు ప్రజల ముందు పెట్టి నిరూపించాలి.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్, 2019 సవరణ తర్వాత, అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా విధిస్తుంది. నడిపినవాడితో పాటు నడిపించినవాడినీ, నడవనిచ్చినవాడినీ అది దోషిగా లెక్కిస్తుంది. డ్రైవరు సొంతదారు కానప్పుడు ఈ తప్పు యజమానికి తెలిసే, అతని ఆజ్ఞ మీదే జరిగిందని న్యాయస్థానం భావించవచ్చునని 113వ సెక్షన్ అంటుంది. కార్మికులకు చేతొడుగులు, తగిన పాదరక్షలు, మెరిసే చొక్కా, మాస్కు అందేలా చూసే బాధ్యతను 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే స్థానిక సంస్థలపై పెట్టాయి. అయినా ఏదైనా జరిగితే కార్పొరేషన్ కాంట్రాక్టరును చూపుతుంది, కాంట్రాక్టరు డ్రైవరును చూపుతాడు, డ్రైవరు క్లీనరు అజాగ్రత్తను చూపుతాడు. ఇకమీదట శిక్షణ ఇస్తామన్న ప్రకటన వెలువడుతుంది. బరువు నిర్ణయించే అధికారం లేనివాడికి బరువు గురించి శిక్షణ!

అధికారుల ఇబ్బందినీ ఒప్పుకోవాలి. స్వచ్ఛ సర్వేక్షణ్ 2024–25లో పది లక్షల జనాభా దాటిన 40 నగరాల్లో మదురై చిట్టచివర నిలిచింది. చెత్త కుప్పలు త్వరగా కదలాలన్న ఒత్తిడి సహజం. ట్రిప్పులు తగ్గితే డీజిలూ కలిసొస్తుంది. కానీ వీధి శుభ్రతకు అయ్యే ఖర్చును కూలివాడి వెన్నెముక మీద వేయడానికి ఏ ర్యాంకూ అనుమతి ఇవ్వదు. పైగా ప్రభుత్వ సంస్థే తన బండ్ల బరువును పట్టించుకోకపోతే, రేపు ఇసుక లారీని ఆపే ఆర్టీవో అధికారి ఏ ముఖం పెట్టుకుని ఆపుతాడు?

పంపులూ మోటార్లూ తయారుచేసి దేశమంతటికీ అమ్మే కోయంబత్తూరుకు ఎత్తే చేయి మీద బరువు చూపే మీటరు బిగించడం పెద్ద పని కాదు. కంటైనరు లోపల నింపుడు గీత, పైన వాన పడకుండా మూత, బయల్దేరే చోట కాటా ఉంటే చాలు. అంతకంటే ముందు కాంట్రాక్టులో ఒక్క వాక్యం చేరాలి: అనుమతించిన బరువుకు మించిన టన్నుకు ఒక్క పైసా చెల్లించం. ఎవరు ఎంత ఎక్కువ నింపారో కనిపెట్టడానికి విచారణ సంఘం అక్కర్లేదు. ప్రతి ట్రిప్పుకూ కాటా చీటీ ఉంటుంది. ఆ చీటీ చూసే కార్పొరేషన్ బిల్లు చెల్లిస్తుంది.