పట్టా తండ్రిది, సాగు కొడుకుది

యువ రైతుకు శిక్షణ ఇస్తున్న సర్కారు, అతన్ని రైతుగా గుర్తించడం మాత్రం మరిచింది

పుదుచ్చేరి నగరంలోని లాస్‌పేటకు చదువుల పేటగా పేరు. టాగూర్ ఆర్ట్స్ కాలేజీ, పాలిటెక్నిక్‌లు అక్కడే ఉన్నాయి. వరి పొలాలు చూడాలంటే మాత్రం దక్షిణాన బాహూర్ వైపు వెళ్లాలి. ఆ పల్లెల నుంచి కాలేజీకి వచ్చిన కుర్రాడు డిగ్రీ పుచ్చుకుని మళ్లీ పొలానికి వెళ్తానంటే ఇంట్లోవాళ్లే ఒప్పుకోరు. వారి భయం అకారణమైనదేమీ కాదు. వేరే దారి ఉంటే సేద్యం వదిలేస్తామని దేశంలో 40 శాతం మంది రైతులు 2003 నాటి జాతీయ నమూనా సర్వేలోనే చెప్పారు.

ఇందుకు ప్రభుత్వాల విరుగుడు శిక్షణ. వ్యవసాయ పట్టభద్రుల కోసం 2002లో అగ్రి క్లినిక్‌లు వచ్చాయి. యువతను సేద్యంలో నిలబెట్టడానికి భారత వ్యవసాయ పరిశోధనా మండలి 2015-16లో 'ఆర్య' పథకం తెచ్చింది. పుదుచ్చేరికి కారైక్కాల్‌లో 1987 నుంచే వ్యవసాయ కళాశాల ఉంది. పాఠాలకు కొరత లేదు. చిక్కు డబ్బు దగ్గరే.

ఎందుకంటే నగదు సాయం పట్టాదారు పేరునే వెతుక్కుంటూ వెళుతుంది. ఏటా రూ. 6,000 ఇచ్చే పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటి భూమి రికార్డులే ప్రాతిపదిక. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కౌలుదారును పక్కనపెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2011లో ఒకటి, 2019లో మరొకటి కౌలు చట్టాలు చేసింది. రెండో చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి, భూమి చేజారుతుందన్న భయంతో యజమాని వెనకాడతాడు. పట్టా తండ్రి పేరున ఉన్న కొడుకుదీ, నాలుగెకరాలు కౌలుకు తీసుకున్న యువకుడిదీ ఒకటే గతి. చెమట వారిది, ఖాతా వేరొకరిది.

పంట చేతికొచ్చాక రెండో దెబ్బ. వినియోగదారు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు దక్కేది దాదాపు 33 పైసలు, ఉల్లికి 36, బంగాళాదుంపకు 37 అని 2024లో రిజర్వు బ్యాంకు ప్రచురించిన అధ్యయనం లెక్కగట్టింది. మిగతాదంతా దళారీ లాభమని అనలేం. రవాణా, తరుగు, మార్కెట్ ఖర్చులు కూడా అందులోనే ఉన్నాయి. అయితే పెట్టుబడికి అప్పిచ్చిన కమీషన్ ఏజెంటే సరుకూ కొంటున్నప్పుడు బేరమాడే సత్తా రైతుకు ఎక్కడిది?

దళారీ లేని మార్కెట్ కొత్త ఆలోచనేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడు మదురైలో ఉళవర్ సందై తెరిచింది. కొనేవారికీ అమ్మేవారికీ మేలు చేసిన ఏర్పాటే. కాకపోతే గంప నెత్తిన పెట్టుకుని తెల్లవారేసరికి రాగలిగే దగ్గరి ఊళ్ల రైతుకే అది అక్కరకొస్తుంది. దూరాన ఉన్నవాడికి మండీయే దిక్కు.

ఐరోపా ఈ రెండు ముడులనూ విప్పే ప్రయత్నం చేసింది. 2023-27 వ్యవసాయ విధానంలో ప్రతి సభ్యదేశమూ నేరుగా ఇచ్చే సాయంలో కనీసం 3 శాతానికి సమానమైన మొత్తాన్ని యువ రైతులకు కేటాయించాలి. పాడైపోయే సరుకుకు పెద్ద కొనుగోలుదారు 30 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2019 నాటి ఆదేశం. మన దగ్గర 2020 సాగు చట్టాల్లో ఒకటి మూడు పనిదినాల గడువు పెట్టింది. వివాదాలను సివిల్ కోర్టుకు పోనివ్వకుండా సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు అప్పగించడం సహా అనేక కారణాలతో రైతులు ఆ చట్టాలను ఎదిరించారు. 2021లో అవి రద్దయ్యాయి. వాటితోపాటే ఆ గడువూ పోయింది.

సాగుదారుల జాబితాను సీజన్‌వారీగా రాయడం, చెల్లింపుకు గడువు పెట్టడం మహా ఖర్చుతో కూడిన పనులేమీ కావు. పుదుచ్చేరి వంటి చిన్న కేంద్రపాలిత ప్రాంతం ముందు చేసి చూపవచ్చు. యువకులు సేద్యంలోకి రావడం లేదని వాపోయే ముందు, వచ్చినవాడి పేరు ఏ రిజిస్టర్‌లో ఉందో ప్రభుత్వాలు చెప్పాలి.