పంచిన మొక్కయే దాచిన మొక్క



మన సంఘ సమావేశములలో పొలమును గూర్చి మాటాడని వారు లేరు; పెరటిని గూర్చి మాటాడువారు అరుదు. విత్తనములు, ఎరువులు, అప్పులు, ధాన్యపు ధర, ఇవియే మన ప్రసంగములు. ఇవి అనావశ్యకములని నేననను. కాని యింటి వెనుక నున్న నేలను ముండ్లకంపకు విడిచిపెట్టి, గుప్పెడు కరివేపాకు కొఱకు కోదాడ బజారునకు పోవుట సేద్యము చేయువారికి తగిన పని కాదు.

క్రొత్త మొక్కను తెచ్చి పరీక్షించుట నడిగూడెమునకు వింత కాదు. మునగాల పరగణాకు ముఖ్యస్థానమైన యీ యూర, ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో పింగళి వెంకయ్యగారు నివసించి, ప్రత్తి రకములను పరిశోధించి, ‘పత్తి వెంకయ్య’ యని పేరొందిరి. దూరదేశపు ప్రత్తిని మన నేలపై పరీక్షించిన యూరివారికి, ప్రక్కింటి మొక్కను తమ పెరటిలో నాటుటకు సంకోచమేల?

1967వ సంవత్సరమున నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిన పిమ్మట మన ప్రాంతమున వరి విస్తరించినది. వరి మనకు అన్నము పెట్టినది గాని కూర పెట్టలేదు. కాలువకు నీరు చాలని యేట మడి యెండును. అంట్లు కడిగిన నీటితోనే పెరడు పచ్చగా నుండును. మన రాష్ట్రమున స్త్రీలలో సగముకన్న నెక్కువమంది రక్తహీనులని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలినది. ఆకుకూర యొక్కటియే దీనికి మందు కాదు; అయినను, ఆకుకూర లేని యింట ఈ లోపము తీరుట కష్టము.

పెరటిని వేయదలచువారు గడ్డపార పట్టుటకు ముందు ఒక దినము నీడను చూడవలెను. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము నీడ యెక్కడ పడుచున్నదో ముగ్గుపిండితో గీయుడు. ఎండ తగులు చోట నాలుగడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవుగల మళ్ళు ఆరు చేసి, నడుమ అడుగున్నర బాట విడిచినచో, మొత్తము 42 చదరపు గజములగును. ఇది గుంటలో మూడవ వంతు మాత్రమే. నాలుగడుగులకు మించినచో నడిమికి చేయి యందదు. మడిని త్రొక్కవలసి వచ్చును. నల్లరేగడిలో వానకాలపు మళ్ళను జానెడెత్తు లేపవలెను; వేసవిలో నీరు నిలుచునట్లు పల్లముగా చేయవలెను.

ఒకమారు నాటిన నేండ్ల తరబడి కాచు మొక్కలను మళ్ళ నడుమ పెట్టరాదు. అవి యున్నచోట మరల త్రవ్వుటకు వీలుండదు. శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వాలును గావున, మునగ, జామ, కరివేప ఉత్తరపు ప్రక్కనుండిన మళ్ళపై నీడ పడదు. మునగకొమ్మ గాలికి విరుగును. దానిని ఇంటి కప్పునకు దూరముగా నాటుడు. అరటి, చేమ వాడుకనీరు పారు చోటను, దొండ, బచ్చలి దడిమీదను ఉండవలెను.

ఈ మొక్కలలో పెక్కింటిని కొనవలసిన పని లేదు. మణికట్టు లావున, మూడడుగుల పొడవున కోసిన కొమ్మనుండి మునగ లేచును. కాయ కాచిన దొండతీగనుండి తీసిన ముక్క చాలును. కరివేప వేరుపిలకలతో, అరటి సన్నని యాకులుగల కత్తిపిలకలతో వృద్ధిపొందును. ఇచ్చినవానికి తరుగు లేదు. పైగా లాభము గలదు. నా పెరటి మొక్క చచ్చినను నీ పెరటిలో దాని బిడ్డ బ్రతికియుండును. అవసరమైనప్పుడు అది నాకు తిరిగి వచ్చును. కావుననే పంచిన మొక్కను దాచిన మొక్క యనుచున్నాను.

అయితే యిచ్చుటలో అపాయమును గలదు. కొన్ని యేండ్ల క్రిందట నా యరటిబోదెలో ఆకులు కురచలై, నిటారుగా కుచ్చువలె నిలిచినవి. ప్రదర్శకుడనై యుండియు ఎరువు చాలలేదని తలచి, పొరుగువారడుగగా మూడు పిలకలిచ్చితిని. మరుసటి యేట వారి పెరటిలోను అదే రూపము కనబడినది. వారు నన్నొక్క మాట అనలేదు. నాకు మాత్రము తల యెత్తుకొన మొగము లేకపోయినది. ఆ తెగులు పిలకల వెంటను, పేనుబంక వలనను ప్రాకును. సోకిన చెట్టు కోలుకొనదు. మొదట పేనుబంకను చంపి, పిమ్మట దుంపతో పెకలించి నాశనము చేయవలెను. 1920 దశకమున ఆస్ట్రేలియాలో ఈ తెగులే అరటితోటలను పాడుచేసినది. సోకిన చెట్లను తీయించి, మంచి పిలకలనే నాటించు కట్టుబాటు వలన ఆ సాగు మరల నిలిచినది. ఒక్కని జాగ్రత్త చాలలేదు. అందఱును కట్టుబడవలసి వచ్చినది. సహకారమనగా నిదియే గదా!

కావున మన సంఘము ఏటేట ఆర్ద్ర కార్తె మొదటి వారమున మొక్కల పంపకము జరుపవలెనని నా యభిప్రాయము. మూడు నియమములు చాలును. ఇచ్చువారు తల్లిచెట్టును ముందుగా ఇద్దఱు సభ్యులకు చూపవలెను. పుచ్చుకొనువారు మడిని, గుంతను ముందే సిద్ధపరచవలెను. ఎవరి మొక్క యెవరింటికి పోయినదో సంఘము ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను; తెగులు కనబడిననాడు ఏ యిండ్ల వెదకవలెనో ఆ పుస్తకమే చెప్పును.

ఊరక యిచ్చినది బ్రతుకదనియు, దొంగిలించిన మొక్కయే బ్రతుకుననియు కొందఱందురు. దొంగిలించినవాడు దానిని భద్రముగా చూచుకొనును గావున బ్రతుకును. ఇచ్చినదానిని అట్లే చూచుకొన్న అదియు బ్రతుకును. పంచుకొనుటకు చట్టమడ్డమని మఱికొందఱు శంకింతురు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము రైతు తన పంట విత్తనమును దాచుకొనుటకు, మార్చుకొనుటకు, పంచుకొనుటకు హక్కునిచ్చినది. రక్షిత రకపు విత్తనమును ముద్రవేసి అమ్మరాదనుటయే నిషేధము.

పెరటి యాజమాన్యము మన యిండ్లలో తరచుగా ఇల్లాండ్రదే. కావున ఈ పంపకమునకు వారిని పిలువక మనమే కూర్చుండి తీర్మానించుట వ్యర్థము. వారిని ముందుంచుకొని, వచ్చు ఆర్ద్రకు ఒక్కొక్క యిల్లు ఒక్కొక్క మొక్కతో రావలెనని ప్రార్థించుచున్నాను.