తోటల పెంపకమున ఎవరి మాట వినవలెను?

పూర్వము తోటలు వేయు రైతునకు తెగుళ్లను గూర్చి చెప్పువారు కరవై యుండిరి. నేడు చెప్పువారు కొల్లలు. సెల్‌ఫోను తెఱచినచో వంగకు నూఱు మందులు, మామిడికి నూఱు చిట్కాలు కనబడును. మన విద్యార్థులలో పెక్కుమంది తోటలు వేయు కుటుంబములవారు. తండ్రి యడుగగా ఫోనులో వెదకి చదివి చెప్పువారు వీరే. కావున ఈ వెదకుట యను విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

అంతర్జాలమున దొరకునదెల్ల జ్ఞానము కాదు. అట్లని దానిని త్రోసివేయుట వివేకమును గాదు. నమ్ముటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని మా యభిప్రాయము.

మొదటిది, చెప్పువారెవరు? సరకు అమ్మువాడు తన సరకును పొగడుట సహజము. అమ్మకముతో పనిలేక పరిశోధించి చెప్పువారి మాట వేఱు. బెంగుళూరు చెంత హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయము, సిద్దిపేట జిల్లా ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయము అట్టివి.

రెండవది, ఏ సీమకు చెప్పిరి? మన ప్రాంతములలో మామిడి సాధారణముగా డిసెంబరు, జనవరి నెలలలో పూయును. ఉత్తర హిందూస్థానమున ఫిబ్రవరి, మార్చి నెలలలో పూయును. అచ్చటి పంచాంగము ననుసరించి మనవారు మందు చల్లినచో, పూత రాలిన పిమ్మట వైద్యము చేసినట్లగును.

మూడవది, ఎప్పుడు చెప్పిరి? మోనోక్రోటోఫాసును కూరగాయలపై వాడరాదని 2005లో ప్రభుత్వము నిషేధించెను. ఎండోసల్ఫాను 2011లో సుప్రీముకోర్టు ఆజ్ఞచే నిలిచిపోయెను. అయినను పాత వ్రాతలలో ఆ పేర్లు నేటికిని కనబడును. తేదీ చూడని చదువు విషమును భోజనపు పళ్లెమునకు తెచ్చును.

నాలుగవది, మన తోటలోని జబ్బు అదియేనా? 2021లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల మిరప తోటలపై నల్ల తామరపురుగు విరుచుకుపడెను. ఆకులను ముడుచు పాత తామరపురుగు వంటిది కాక, ఇది పూలలో గుంపుగా చేరి పూతను రాల్చునది. అది తెలియక మందుపై మందు కొట్టినచో, దానిని తిను మేలు పురుగులే చచ్చును, అప్పు మిగులును. వేపనూనె, నీలిరంగు జిగురు అట్టలు మొదలగు ఉపాయములను శాస్త్రజ్ఞులు చెప్పిరి.

చదువ నేర్వని తల్లిదండ్రుల గతి యేమని కొంద ఱడుగవచ్చును. 1800-180-1551 అను కిసాన్ కాల్ సెంటరు 2004 నుండి పనిచేయుచున్నది. ఉదయము 6 గంటలు మొదలు రాత్రి 10 గంటల వఱకు, రుసుము లేక, తెలుగులోనే సమాధానము దొరకును. జబ్బు ముదిరినచో ఆకును, కాయను గైకొని కృషి విజ్ఞాన కేంద్రమునకు పోవుట మేలు. చిత్రమును చూచుటకంటె ఆకును చూచుట నిశ్చయము.

పరిశోధన సంస్థలకును మాదొక విన్నపము. మేలైన వ్రాతలు పెక్కు లింకను ఇంగ్లీషుననే యున్నవి. రైతు పన్నుతో పుట్టిన జ్ఞానము రైతు భాషలో రావలదా?

విద్యార్థులారా! ఇంట నొక పుస్తకము పెట్టుడు. జబ్బు కనబడిన తేదీ, చెప్పినవారి పేరు, వాడిన మందు, కలిగిన ఫలము అందు వ్రాయుడు. రెండేండ్లలో మీ తోటను గూర్చి ఆ పుస్తకము చెప్పినంత మఱి యే ఫోనును చెప్పజాలదు.